చెడుగుడు అన్న నోరు

పోయిన నెలలో మా పీడీ గారు పోయారు. కాలేజీలో ఆటలు నేర్పే మాస్టారిని మేం అలాగే పిలిచేవాళ్లం. ఆ రోజు నుంచీ మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు నిండా దండాలు, కన్నీళ్ల బొమ్మలు. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా పెద్దలు! కాలేజీ గ్రౌండుకు ఆయన పేరు పెడుతున్నారట, ఒక సంచిక వేస్తున్నారట. ఆడపిల్లల కబడ్డీ జట్టుకు మొదటి కెప్టెన్‌ని కాబట్టి ఆయన నిజాయితీ గురించి నేనే రాయాలట. సరే, రాస్తున్నాను. వేస్తారో చించేస్తారో వాళ్లిష్టం.

ఆయన డెల్టా వైపు నుంచి నరసరావుపేట వచ్చేనాటికి మాకు గ్రౌండంటూ లేదు, కాలేజీ వెనక కంపచెట్లూ రాళ్లూ తప్ప. ఆ రాళ్లన్నీ మాచేతే ఏరించాడు మహానుభావుడు. లంగా ఓణీల్లో వంగి వంగి ఏరుతుంటే, "పల్నాట్లో పండేది ఇవేనా అమ్మాయ్?" అని నవ్వేవాడు. ఆయనకు దక్కాల్సింది ఆయనకు ఇవ్వాలి కదా, ఊరూరా తిరిగి, మా నాన్నల మంచాల మీద కూర్చుని, మజ్జిగ తాగి, ఆడపిల్లల్ని ఆటకు పంపమని ఒప్పించింది కూడా ఆయనే. అంతకు ముందు అలా అడిగినవాడు లేడు. అడిగితే తన్నులు తినేవాడే.

మా ఊళ్లలో ఆ ఆట పేరు చెడుగుడు. గీత దాటి అవతలి జట్టు మీదికి వెళ్తూ ఊపిరి తిప్పుకోకుండా పలికే మాటే కూత. చిన్నప్పటినుంచీ "చెడుగుడు చెడుగుడు" అని కూసిన నోళ్లు మావి. పోటీల్లో అది చెల్లదు, "కబడ్డీ" అనే అనాలి, లేకపోతే ఆ కూత రద్దు. మా నోళ్లకు అది పట్టుబడేది కాదు. ఊపులో ఉన్నప్పుడు అసలు మాటే వచ్చేది. దానికి ఆయన కనిపెట్టిన మందు ఎండుమిరపకాయ. చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. చెడుగుడు అన్నదాని నోట్లో ఒకటి పెట్టి, అది నమిలాక మళ్లీ కూతకు వెళ్లమనేవాడు. కళ్లూ ముక్కూ ఏకమై మేం గంతులేస్తుంటే, "నోరు మంచిదైతే ఊరు మంచిదౌతుంది" అని సామెత చెప్పేవాడు. ఆ కాయలు తెచ్చి ఇచ్చేది ఎవరనుకున్నారు? నేనే. మా చేలోవే. కెప్టెన్ అంటే మాటలా మరి!

వాటిని అందరికంటే ఎక్కువ తిన్నది గురజాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన నా స్నేహితురాలు. అందరికంటే బాగా ఆడిందీ అదే. నేను దాని కాలిగోటికి కూడా సరిపోను. యూనివర్సిటీ జట్టులోకి తీసుకుంటే చదివిస్తానని, లేకపోతే మిరప కోతలకు రావాలని వాళ్ల నాన్న తెగేసి చెప్పాడు. మా కాలేజీ నుంచి కూతకు వెళ్లేవాళ్లలో ఒక్కరికే చోటు. అది తనదేనని ఊరంతటికీ తెలుసు.

గుంటూరులో ఎంపిక పోటీలు. చివరి నిమిషాల్లో అది కూతకు వెళ్లి, ముగ్గుర్ని తాకి, నలుగురు మీద పడ్డా ఈడ్చుకుంటూ వచ్చి గీత ముట్టింది. జనం అరుపుల్లో నాకు కూడా ఏమీ వినపడలేదు. అంపైర్ మూడు పాయింట్లిచ్చాడు. పీడీ గారికి మాత్రం అనుమానం. గీత దగ్గర నిలబడ్డ నా పక్కకొచ్చి, "ఏమని కూసింది?" అన్నాడు.

కబడ్డీ అనే కూసిందని నేనంటే సరిపోయేది.

"చెడుగుడు అంది సార్" అన్నాను.

మిరపకాయకు భయపడి చెప్పానని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. ఆ చోటు నాకు కావాలి.

ఆయన తిన్నగా అంపైర్ దగ్గరికి వెళ్లి, "తప్పు కూతతో వచ్చిన పాయింట్లు నా కాలేజీకి వద్దు" అన్నాడు. గ్రౌండంతా చప్పట్లు. మేం ఓడిపోయాం. ఎంపిక చేసేవాళ్లతో కూడా, అది ఒత్తిడిలో నోరు జారే పిల్ల అని ఆయనే చెప్పాడు. నన్ను తీసుకున్నారు. తిరుగుబస్సులో అందరి ముందూ దానికి మిరపకాయ ఇచ్చాడు. నమిలింది. నీళ్లు కూడా అడగలేదు. పరీక్షలకైనా రాకుండా చేలోకి వెళ్లిపోయింది.

ఆ చప్పట్లే ఆయన్ని ఎత్తుకెళ్లాయి. నిజాయితీపరుడని ఎంపిక కమిటీలో వేశారు, ఆ తర్వాత ప్రిన్సిపాల్ కుర్చీ, దండలు, శాలువాలు. నాకు ఆటల కోటాలో రైల్వే ఉద్యోగం. దాని ఇంట్లో ఏ శుభకార్యమైనా వెళ్లేదాన్ని, చీర పెట్టేదాన్ని. ఆ మాట మాత్రం కడుపులోనే ఉంచుకున్నాను.

నిన్న ఈ రాత మొదలుపెట్టబోయి దానికి ఫోన్ చేశాను. "ఏమే, సార్ సంతాపసభకు వస్తావా? నీతో ఒక మాట చెప్పాలి" అన్నాను.

"కూత సంగతేనా?" అంది.

"నీకెవరు చెప్పారు?" అన్నాను.

"ఆ రోజు బస్సు దిగేటప్పుడే చెప్పాడులేవే సారు, మీ కెప్టెనే చెప్పిందని. నువ్వొచ్చినప్పుడల్లా చూసేదాన్ని, ఇయ్యాలైనా చెప్పుద్దేమోనని. చానా ఏళ్లు చూశా. మా పెద్దోడి పెళ్లప్పటి నుంచి చూడటం మానేశా. ఇప్పుడెందుకులే, అన్నం తిన్నావా?"

తిన్నానన్నాను. కాలం అన్నీ మరిపిస్తుందంటారు. ఆ కాలమే నా పక్షాన ఉండి నా తప్పును మరుగున పడేస్తోందని ఇన్నేళ్లూ నేను నిశ్చింతగా ఉన్నాను. ఆ ఏళ్లన్నీ నా స్నేహితురాలు నాకిచ్చిన గడువని, ఆ గడువు దాటిపోయాక తెలిసింది.