డానియేలు అంకుల్ కాంటా

"పిల్ల నిన్నటికంటే పద్దెనిమిది గ్రాములు తగ్గింది అంకుల్."

ఈ మాట అన్నది నేను. ఎదురుగా బల్ల మీద తూకం యంత్రం, దాని మీద ప్లాస్టిక్ టబ్బు, టబ్బులో నా ఏడు నెలల కూతురు మనస్విని. బల్లకు అవతల మా ఇంటి ఓనరు డానియేలు అంకుల్, చేతిలో సగం గీకిన చెక్కముక్కతో. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని నా వైపు చూశారు.

"పొద్దుగాల దొడ్డికి పోయిందా బిడ్డా?"

"వెళ్లిందండీ."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే."

"గదే పద్దెనిమిది గ్రాములు" అని ఆయన మళ్లీ చెక్కముక్క గీక్కోవడంలో పడిపోయారు.

కాంటా మీద పెట్టి చూడనిదే ఈ లోకంలో దేన్నీ నమ్మని మనిషి డానియేలు అంకుల్. మా తెనాలి వైపు తూచడం అంటాం. ఇక్కడ హైదరాబాదు ఉప్పుగూడలో జోకుడు అంటారు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన రోజున అందరూ ఆయన మెడలో దండ వేస్తే, ఇంటికి రాగానే దాన్ని జోకారట. నాలుగు వందల పది గ్రాములు. మర్నాటికి వాడిపోయాక మళ్లీ జోకారు. రెండు వందల తొంభై. "నా సర్వీసుల నూట ఇరవై గ్రాములు నీళ్లే" అని తేల్చారు.

ఆ కాంటా బేగంబజారులో కొన్నది. పుస్తకమంత ఉంటుంది. పది కిలోల దాకా తూచుతుంది, ఒక్క గ్రాము తేడా వచ్చినా చెబుతుంది. బల్ల మీద ఒక పక్క బైబిలు, ఇంకో పక్క చేతిరుమాలు కప్పిన కాంటా. బైబిలు బరువు ఎనిమిది వందల అరవై. పేజీల మధ్య ఆయన భార్య స్వరూప ఆంటీ దాచుకున్న పాత ఫొటోలు తీసేస్తే ఎనిమిది వందల నలభై.

పెళ్లి కార్డు వస్తే ముందు పేర్లు చదవరు. జోకి, వెనకాల పెన్సిల్‌తో అంకె వేస్తారు. నూట ముప్పై దాటితే భోజనం మస్తుగా ఉంటుందని ఆయన లెక్క. ఒకసారి వానలో రైల్వే గేటు దాకా వెళ్లొచ్చి చెప్పులు కడగకుండా లోపలికి తెచ్చారు. ఆంటీ లొల్లి పెడుతుంటే, "జర ఆగు, ఈ బురద ఎంతుందో చూస్త" అన్నారు. రెండు వందల పన్నెండు గ్రాములు. ఆ అంకె ఆంటీకి ఇప్పటికీ కంఠతా వచ్చు.

ఆయన జోకనిది లోకంలో ఒక్కటే ఉందని ఆంటీయే నాతో చెప్పారు. "నన్ను జోకలే. కాంటా పది కిలోలదే గద, బతికిపోయిన."

ఈ అలవాటంతా విమానాల వల్ల వచ్చింది. రిమోటుతో ఎగిరే చిన్న విమానాలు. తేలికైన బాల్సా చెక్కను కోసి, అతికించి, సన్నటి పొర కప్పి, మోటారు పెట్టి ఆదివారం పొద్దున్నే ఇబ్రహీంపట్నం అవతల ఒక మైదానంలో ఎగరేస్తారు. వెంట ఇద్దరు ఉంటారు. ఒకరు ఆటో ఎలక్ట్రీషియన్ ప్రకాశం గారు. ఇంకొకరు గౌలిపుర నుంచి వచ్చే మహేశ్వరి గారు. ఆమెది మూడు తరాలుగా పాలవాళ్ల కుటుంబం, ఆమె మాత్రం బ్యాంకు ఉద్యోగి. విమానానికి గ్రాము బరువు పెరిగితే అంత బలం తగ్గినట్టే. ప్రకాశం గారు మాత్రం జిగురు దగ్గర చెయ్యి ఆపుకోలేరు. ఆయన విమానం నేల మీద పరుగు తీస్తుంటే అంకుల్ గంభీరంగా చూసి, ఇది ఇమానమా, దున్నపోతా అని అడిగేవారు. "మా బర్రెలను ఊకె ఎందుకు తిడ్తవన్నా, అవి ఇంకా జోరుగ ఉరుకుతయ్" అనేవారు మహేశ్వరి గారు.

చలి దేశాలవాళ్లు మంచు పడి బయటికి వెళ్లలేక చలికాలంలో విమానాలు కట్టుకుంటారట. మన దగ్గర మంచు లేదు, పైగా ఎగరేయడానికి చలికాలమే బాగుంటుంది కదా అని ఒకసారి అడిగాను. అంకుల్ నన్ను జాలిగా చూశారు. వానాకాలంలో చెక్క గాలిలోని తేమ తాగి బరువెక్కుతుందట, అప్పుడు జోకితే కాంటా నిజం చెప్పదట. అందుకే దసరా దాటి గాలి ఆరాకే ముగ్గురూ మా డాబా మీద కూర్చుని, ఆ చలికాలం ఎవరెవరు ఏం కట్టాలో ప్లాన్ వేసుకుంటారు. నేను ఫిజిక్స్ ఎమ్మెస్సీని, సంతోష్‌నగర్‌లో జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. ఆ జవాబులో నాకు ఒక్క తప్పు కూడా దొరకలేదు.

కిందటి అక్టోబరు సమావేశంలో అంకుల్ తన ప్లాను పరిచారు. రెక్కలు ఒకటిన్నర మీటరు, మొత్తం బరువు ఆరువందల గ్రాములు. తోక ఇంత, చక్రాలు ఇంత, జిగురు ఇంత అని ప్రతిదానికీ అంకె. పేరు కూడా "ఆరువందలు" అనే పెట్టారు. ఆ నమ్మకంతోనే, ముందుగా చేసిన రెక్క మీద ఆ పేరు రాసేశారు, పెయింటు మూడు గ్రాములు మించకుండా సన్నటి అక్షరాలతో. ఆరువందల ఒకటి అయితే ఏం చేస్తారని ప్రకాశం గారు అడిగారు. అట్లా కాదని అంకుల్ జవాబు.

ఆ కాంటాకి నేనెలా చిక్కానో చెప్పాలి. ఊరి నుంచి అమ్మ పంపిన సున్నుండలు ఇవ్వడానికి కిందికి వెళ్లాను. అంకుల్ ఒక సున్నుండ జోకి నలభై ఆరు అన్నారు. నా చంకలో మనస్విని ఉంది. నా కళ్లు కాంటా మీద పడ్డాయి. ఒకే జబ్బున్న ఇద్దరం అలా కలుసుకున్నాం.

మనస్విని పుట్టినప్పుడే చిన్న పిల్ల. చురుగ్గా ఉంది, పెరుగుదల చార్టులో తన గీత మీద తను పెరుగుతోంది, నెలకోసారి తీసుకొస్తే చాలు అని డాక్టరు చెప్పారు. అందులో నాకు వినపడింది "చిన్న పిల్ల" ఒక్కటే. నాలుగు రోజుల్లో నేను పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కిందికి దిగడం మొదలుపెట్టాను. పాలకు ముందు, పాల తరువాత. ఉగ్గు గిన్నె తినిపించక ముందు, తినిపించాక. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టాను. ఆ చుక్కలు ముప్పై పైకి, నలభై కిందికి గెంతుతుంటే నా ప్రాణం వాటితో పాటు గెంతేది. కొలతలో అంత తేడా ఎందుకు వస్తుందో నేనే పిల్లలకు పాఠం చెబుతాను. సొంత పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం ఎక్కడికో పోయింది. మా ఆయన సాయితేజ, "కాస్త దాన్ని తిననివ్వవే" అంటే రెండు రోజులు మాట్లాడలేదు.

నవంబరు మొదట్లో ఒక పొద్దున, టబ్బు చూడగానే మనస్విని ఏడుపు అందుకుంది. ఉగ్గు చెంచా దగ్గరికి తెస్తే పెదాలు బిగించి మొహం పక్కకు తిప్పేసింది. నేను చెంచాతో వెంటపడ్డాను, అది మెడ తిప్పింది. నాకూ ఏడుపొచ్చింది. అంకుల్ గీకడం ఆపారు. చెక్కముక్క పట్టుకుని చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు బల్ల మీద చేతిరుమాలు ఉంది, కింద కాంటా లేదు.

"కాంటా పని చేస్తలేదు బిడ్డా" అన్నారు.

"అయ్యో, ఏమైందండీ?"

"రెండు దినాలు ఆగు."

రెండు రోజుల తరువాత అడిగితే మళ్లీ రెండు రోజులన్నారు. ఇంకోటి ఆర్డరు పెట్టనా అని సాయితేజ అడిగాడు. వద్దన్నాను. ప్రయోగం మధ్యలో పరికరం మార్చకూడదు. అలా రెండేసి రోజులు ఆగుతూ ఎన్ని వారాలు ఆగానో నాకే తెలియలేదు.

మొదటి వారం నేను పడిన పాట్లు చెప్పను. ఆయన పాట్లు మాత్రం చూసి తీరాలి. చెక్క కోసి, అలవాటుగా చెయ్యి పక్కకు చాపి, అక్కడ రుమాలు తప్ప ఏమీ తగలక ఆగిపోయేవారు. ముక్కను అరచేతిలో ఎగరేసి పట్టుకుని, "పన్నెండు... ఉంటదేమో" అనేవారు. డానియేలు అంకుల్ నోట "ఏమో" అనే మాట విన్న స్వరూప ఆంటీ జ్వరమేమో అని నుదురు పట్టుకుని చూశారు. ప్రకాశం గారు తన కాంటా తెచ్చిస్తానంటే, వేరేవాళ్ల కాంటా మీద నమ్మకం లేదన్నారు. శాస్త్రీయంగా ఆ మాట నాకు చాలా నచ్చింది. క్రిస్మస్‌కి నూనెలో వండిన గులాబీ పువ్వులు, కేకు వీధంతా పంచారు, జోకకుండా. కేకు ముక్కలు ఒకటి తలగడంత, ఒకటి అగ్గిపెట్టెంత వచ్చాయి. మాకు తలగడ వచ్చింది.

సాయంత్రాలు మనస్వినిని ఎత్తుకుని రైల్వే గేటు దాకా వెళ్లి, రెండు రైళ్లు చూపించి తెచ్చేవారు. తెచ్చి నా చేతికిస్తూ, "ఇయ్యాల నిన్నటికంటే జర ఎక్కువే తగిలింది చేతికి" అనేవారు.

"ఎంత అంకుల్, సుమారుగా?"

"ఒక ఇడ్లీ అంత."

మర్నాడు అర ఇడ్లీ. ఆ పై రోజు ఇడ్లీ మీద చట్నీ. ఆ అంకెలను గ్రాఫు మీద పెట్టడం కుదరక, నాకు కాగితం తీయడమే తగ్గిపోయింది. ఈలోగా మనస్విని ఆంటీ పళ్లెంలోంచి నిజం ఇడ్లీ ముక్క లాక్కుని నోట్లో పెట్టుకుంది. ఎవరూ దాని వెంట చెంచాతో పరిగెత్తలేదు. సగం ముఖానికి పూసుకుంది, సగం తిన్నది. నేను గిన్నె బరువు చూడలేదు, చూద్దామన్నా కాంటా లేదు. డిసెంబరులో డాక్టరు దగ్గర గీత పైకే వెళ్లింది. జనవరిలో ఏడు కిలోలు వచ్చింది. కాంటా ఆగిపోయిన రోజున ఆరు కిలోల నాలుగు వందలు.

జనవరి రెండో ఆదివారం "ఆరువందలు" మొదటిసారి ఎగరాలి. మేమందరం మైదానానికి వెళ్లాం. విమానం పరుగు తీసింది, ఇంకా తీసింది, మైదానం చివరి తుమ్మ చెట్టు కనపడ్డాక బద్ధకంగా లేచింది. కడుపు నిండిన కొంగలా ఒక చుట్టు తిరిగి, దబ్బున దిగింది. ప్రకాశం గారు తన సంచిలోంచి కాంటా తీసి నేల మీద పెట్టారు.

ఏడు వందల ముప్పై ఎనిమిది.

 మహేశ్వరి గారు వంగి అంకె చూసి, "అన్నా, ఇప్పుడు చెప్పు, మా బర్రెల సంగతి" అన్నారు. ప్రకాశం గారు నవ్వాపుకుంటూ మార్కరు తీసి రెక్క మీద పేరు పక్కన +138 అని రాయబోయారు. అంకుల్ తొణకలేదు. "ఆ రాత గూడ రెండు గ్రాములుంటది. నూట నలభై రాయి" అన్నారు.

నాకు పాపం అనిపించింది. రెండు నెలలు ఆ పాడైపోయిన కాంటాతో అవస్థపడే బదులు కొత్తది కొనుక్కోవచ్చు కదండీ అన్నాను.

"ఏడ పాడైంది?" అన్నారు స్వరూప ఆంటీ. "బీరువాల నా చీరల కింద ఉన్నది. సెల్లులు తీసి జేబుల ఏసుకొని తిరుగుతుండు రెండు నెలల సంది."

అంకుల్ చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకున్నారు. లోపల రెండు బ్యాటరీ సెల్లులు ఒకదానికొకటి తగిలి టక్కుమన్నాయి.

"మాకు అబద్ధం చెప్పారా అంకుల్?"

"ఏడ చెప్పిన? పని చేస్తలేదు అన్న. సెల్లులు నా జేబుల ఉంటే అదెట్ల పని చేస్తది?"

"మరి మీరు కూడా వాడుకోలేదెందుకు? నేను పైకి వెళ్లాక సెల్లులు వేసుకుంటే ఎవరికి తెలుస్తుంది?"

ఆయన ఆ ప్రశ్న అర్థం కానట్టు చూశారు. "నీకు పని చెయ్యని కాంటా నాకు చేస్తే, గప్పుడు అది అబద్ధమైతది బిడ్డా."

 నూట ముప్పై ఎనిమిది గ్రాములు. పెళ్లి కార్డు జోకకుండా పేర్లు చదవలేని మనిషి, ఒక చలికాలమంతా తన విమానాన్ని గుడ్డిగా కట్టుకున్న బరువు అది. ఆయన లోకంలో జోకనివి ఇప్పుడు రెండయ్యాయి: స్వరూప ఆంటీ, ఆ రెండు సెల్లులు. కాంటాలోంచి తీసిన సెల్లుల్ని అదే కాంటా మీద తూచడం ఎవరికీ కుదరదు.

అంకుల్ మనస్వినిని నా చేతుల్లోంచి తీసుకున్నారు. మా డాక్టరు చెప్పిన ఏడు కిలోల సంగతి ఆయనకూ తెలుసు.

"ఫికర్ చెయ్యకు. ఆరువందలు యాడికీ పోలే, ఈడికొచ్చినయ్" అని దాని పొట్ట తట్టారు. తరువాత నా వైపు చూడకుండా, రెక్క సర్దుకుంటూ చెప్పారు. "జిగురు పెట్టినంక ఆరేదాక ముట్టొద్దు. అంటిందా అంటిందా అని గంటకోసారి ఏలు పెట్టి చూస్తే, అది ఎప్పుడు అంటాలె? నెలకోసారి జోకు బిడ్డా. మిగిలిన దినాలు ఎత్తుకో."

సెల్లులు మళ్లీ కాంటాలోకి వెళ్లాయి. ఒకటో తారీఖు పొద్దున నేను టబ్బుతో కిందికి దిగుతాను. అంకుల్ అంకె చూసి, పాత పెళ్లి కార్డు వెనకాల పెన్సిల్‌తో రాసి, వెంటనే రుమాలు కప్పేస్తారు. మళ్లీ ఒకటో తారీఖు దాకా ఆ రుమాలు నేను ఎత్తను.

ఇవాళ పదహారో తారీఖు. ఎత్తుకునే రోజు.