కోసేసిన ఆఖరి పేరా

వార్తలో ముఖ్యమైనది పైన, మిగతాది కింద పెట్టాలి. పేజీలో చోటు చాలకపోతే డెస్క్‌వాళ్లు కింది నుంచి కోస్తారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ పద్ధతిని నేనెప్పుడూ తప్పుపట్టలేదు.

ఆ ఏడాది ఒక విశ్వవిద్యాలయం పాలిమర్ సైన్స్‌లో పీహెచ్‌డీ సీట్లకు ప్రకటన ఇస్తే, అనకాపల్లి పేజీకి ఆరు పేరాలు రాసి పంపాను. జాతీయ అర్హత పరీక్ష పాసైనవారి సంగతి పైన పెట్టాను. అది లేనివారికి విశ్వవిద్యాలయమే రాత పరీక్ష పెడుతుందన్నది ఆఖరి పేరా. మర్నాడు ఆ చోటులో బట్టల దుకాణం ప్రకటన పడింది. నేను గమనించలేదు.

వారం తర్వాత ఎలమంచిలి వైపు చెరుకు రైతు ఒకాయన మా ఆఫీసుకు వచ్చి, జేబులోంచి ఆ వార్త ముక్క తీసి బల్ల మీద పరిచాడు.

"మా పాప ఎమ్మెస్సీ కెమిస్ట్రీ బాబూ. పైపుల ఫేట్రీలో టెస్టింగు సేత్తంది. ఇది సదివి, ఆ పరీచ్చ నాకు లేదు నాన్నా, మనకి కాదిది అని పక్కన పడీసింది. ఇంకే దారీ లేదేటి?"

"ఉందండీ, వేరే రాత పరీక్ష ఉంది. కింద రాశాను చూడండి."

ఆయన ముక్కను తిప్పి చూశాడు. "ఇటేపు సినిమా బొమ్ముంది బాబూ."

లెక్కపెట్టాను. ఐదు పేరాలే ఉన్నాయి. దరఖాస్తు గడువు మర్నాటితో సరి. ఆయన ఫోన్లోనే ఆ అమ్మాయితో మాట్లాడి, తప్పు మాదని చెప్పాను. మిగతా పాఠకుల కోసం వెంటనే సవరణ రాసి పంపాను. ఒకటే పేరా, కోయడానికి వీల్లేకుండా.

మధ్యాహ్నం షిఫ్టు దిగి ఆమె నేరుగా వచ్చింది. దరఖాస్తులో ఏం పరిశోధిస్తారో ఒక పేజీ రాయమన్నారు. ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుంది.

"ఏటి రాయను నాన్నా?"

"నానేటి సెప్తానే? మన పొలంలో పైపులు రెండు ఏసంగులకే పెంకుల్లాగ ఇరిగిపోతన్నాయి. అదెందుకో రాయి."

"ఎండకి నాన్నా."

"ఎండకని నాకూ తెల్సు. మీ ఫేట్రీవోళ్ళకి తెలీదేటి మరి?"

ఆమె నవ్వి, రాయడం మొదలుపెట్టింది. ఎండకు ప్లాస్టిక్ పైపుల్లోని పాలిమర్ ఎలా పెళుసెక్కుతుందో, దాన్ని ఎలా ఆపవచ్చో రాసింది. నేను కామాలు మాత్రం సరిచేశాను.

రాత పరీక్ష, ఇంటర్వ్యూ అయిన కొన్ని వారాలకు ఆయన ఫోన్ చేశాడు.

"సీటొచ్చింది బాబూ! ఐదేళ్ళంట. అంటే ఐదు సెరుకు గానుగాటలు. ఎప్పుడైపోద్దని మద్దిలో అడగొద్దంటంది పాప."

"అడక్కుండా ఉండగలరా?"

"ఇయ్యాల్టికి ఉండగల్ను బాబూ."