వాగు నీళ్లలో కడిగిన ఫొటో

మా డ్రాయింగ్ మాస్టారు పోయారని మంగళవారం పొద్దున ఫొటో క్లబ్బు వాట్సాప్ గ్రూపులో చూశాను. వార్త కింద దండం పెట్టే చేతులు వరసకట్టాయి. మధ్యలో ఎవరో ఆయన తీసిన ‘వెండి వాగు’ ఫొటో పెట్టి, ‘మాస్టారంటే ఇదీ’ అని రాశారు. కాదు. ఆ ఫొటోని చూస్తే ఆయనకు ఎంత సిగ్గో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బచేలి ఇనుప గని క్వార్టర్లలో మావి పక్కపక్క ఇళ్లు. ఆయన కోస్తా నుంచి వచ్చి, గని ఉద్యోగుల పిల్లలకు బొమ్మలు నేర్పి, ఇక్కడే రిటైరయ్యారు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక కూడా విశాఖ నుంచి రైల్లో నలుపు తెలుపు ఫిల్ము తెప్పించుకునేవారు. స్నానాలగది కిటికీకి దుప్పటి కొట్టి అందులోనే ఫొటోలు కడిగేవారు. “ఊరందరికీ స్నానాలయ్యాయి కదా, ఇక నాకు దారివ్వండి,” అని ఆయన భార్య తలుపు కొట్టేది.

చలికాలంలో క్లబ్బు వాళ్లమంతా జీపుల్లో పల్లెలకు వెళ్లేవాళ్లం. ఆ యాత్రలంటే నాకు ఒళ్లుమంట. నలుపు తెలుపులో లేమి అందంగా ఉంటుంది, చీర చిరుగు కూడా నీడలా కనిపిస్తుంది, అందుకే మనకది కళ. దారి పొడవునా ఇదే వాదించేవాణ్ని. “ఏవోయ్, నీ ఉపన్యాసం అయ్యేసరికి ఎండ దిగిపోతుంది. కాస్త పక్కకి జరుగు,” అనేవారు మాస్టారు. కానీ పల్లెలో దిగగానే కెమెరా బయటికి తీసేవారు కాదు. “ముందు కూర్చోవాలి. వాళ్లు మనల్ని చూడ్డం అయ్యాకే మనం వాళ్లని చూడాలి,” అనేవారు. చూడటం నాకు నేర్పింది ఆ ఒక్క మాటే.

అట్లా ఒకసారి, కొండ దిగువ పల్లెలో వాగులో బట్టలుతుకుతున్న ఒకామెను తీశారు. తెలుగు సరిహద్దులోని బాసగూడ వైపు నుంచి ఆ ఊరికి కోడలుగా వచ్చిన మనిషి, తెలుగు వచ్చు. కొండ మీది నుంచి దిగే ఇనుప మట్టితో ఆ వాగు ఎర్రగా పారుతుంది. ఫొటోలో మాత్రం వెండిలా మెరిసింది. ప్రదర్శనలో పెడితే “ఎంత స్వచ్ఛమైన నీళ్లు!” అన్నాడొక పెద్దమనిషి. బహుమతి కూడా ఇచ్చారు.

ఆమెకో ప్రతి ఇవ్వడానికి మాస్టారితో నేనూ వెళ్లాను. ఫొటోను అటూ ఇటూ తిప్పి చూసి ఆమె పకపకా నవ్వింది. “ఏంది సారూ, మా వాగును గింత తెల్లగ ఉతికినవ్! గదే చేత్తోని నా చీరె గూడ ఉతకరాదు?”

మాస్టారు నవ్వలేదు. తిరుగుదారిలో నేను అందుకున్నాను. “మీ ఫొటో అబద్ధపు సాక్ష్యం చెప్పింది మాస్టారూ...”

“చాల్లేవయ్యా. ఆవిడ ఒక్కమాటలో తేల్చేసింది.”

ఫొటోను చివర్లో మంచినీళ్లలో కడగాలి, లేకపోతే రసాయనాలు మిగిలి పాడవుతుంది. మాస్టారు అదే ఫొటోను మళ్లీ పెద్దదిగా వేసి, బిందెతో వాగునీళ్లు తెచ్చి, ఒక పూటంతా అందులో నానబెట్టారు. కాగితమంతా తుప్పు తేలింది. వాగు, ఆమె చేతులు, ఆకాశం, అన్నీ ఎరుపే. మరుసటేడు దాన్నే ప్రదర్శనకు పంపారు.

జనం రాకముందే నిర్వాహకులు దాన్ని దించేశారు. “మరక పడింది మాస్టారూ, ఇంకోటి వేసివ్వండి,” అన్నాడు క్లబ్బు కార్యదర్శి, ఎంతో మర్యాదగా.

“మరక నాది కాదు బాబూ, నీళ్లది.”

నేను గొంతు పోయేదాకా అరిచాను. గోడకు పాత ఫొటోనే తగిలించారు. ఆ తర్వాత మాస్టారు ఫిల్ము తెప్పించుకోలేదు. అబద్ధానికి అద్దం బిగించి, నిజానికి మరక అని పేరు పెట్టే కళ మనది. ఆయన వెనక్కి తీసుకోవాలని చూసిన అబద్ధాన్నే ఇప్పుడు ఆయన పేరుకు అంటగట్టి నివాళి అంటున్నారు. గ్రూపులో ఆ మాటే రాస్తే ‘ఇవాళొద్దు అన్నా’ అన్నారు. మరెప్పుడు?

దినం అయ్యాక, ఫొటోలోని ఆమెకు చెబుదామని ఆ పల్లెకు వెళ్లాను. వాగు ఒడ్డున ఇసుకలో చెలమ తవ్వుతోంది.

“సార్ రాలె?”

చెప్పాను.

“అయ్యో. జరమా?”

“గుండె.”

ఆమె చెలమలో ఎర్రగా ఊరిన నీళ్లను సొరబుర్రతో తోడి పారబోసింది. మళ్లీ ఊరాయి. మళ్లీ పారబోసింది.

“కూసో అన్నా. తేటపడనీ, తాగి పోదువు.”

కూర్చున్నాను. ఇద్దరం చెలమలోకే చూస్తున్నాం. పొద్దు వాలింది. నీళ్లు ఇంకా ఎర్రగానే ఊరుతున్నాయి.