నీళ్ల క్యాన్ల బండికి పందెం కామ్‌షాఫ్ట్

నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మట్టల ఆదివారం నాడు శామీర్‌పేట రోడ్డు మీద ఓ చర్చి మొత్తం చేత బండి తోయించిన ఘనుణ్ణి నేను. ఇప్పటికీ ఎవరో ఒకరు ఎదురుపడి "డేవిడూ, తోయాల్నా?" అని అడుగుతుంటారు.

అప్పట్లో నాయిన కొన్న పాత పెట్రోలు పికప్‌లో మంచినీళ్ల క్యాన్లు వేసేవాణ్ణి. మేడ్చల్‌లో నింపుకొని శామీర్‌పేట కాలనీల్లో దింపాలి. ఓ కాలనీ చివరింట్లో మెర్సీ ఉండేది. మా చర్చిలోనే పాటలు పాడేది. నేను వెళ్ళేసరికి ఖాళీ క్యానుతో గేటు దగ్గర నిలబడి ఉండేది. "ఒకటి చాలు" అనేది. "సరే" అనేవాణ్ణి. ఏడాదిపాటు మా సంభాషణ ఇంతే. ఇందులో ప్రేమ ఎక్కడుందని అడక్కండి, నా వైపు నిండా ఉంది.

ఈస్టర్ అయ్యాక వాళ్ళు ఖమ్మం వెళ్ళిపోతున్నారని తెలిసింది. ఆలోపు ఆమె నోట ఇంకొక్క మాట వినాలని ప్రాణం కొట్టుకులాడింది. ఇలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? వెళ్ళి మాట్లాడతారు. నేను కామ్‌షాఫ్ట్ మార్చాను.

కామ్‌షాఫ్ట్ అంటే ఇంజన్‌లో వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచి ఉండాలో నిర్ణయించే కడ్డీ. అది మారిస్తే ఇంజన్ గొంతూ గుణమూ రెండూ మారిపోతాయి. ఫోన్లో వెతికితే బరువు లాగే బండ్లకు ఒకటి, రోడ్డు మీద హుషారుగా తిరిగేవాటికి ఒకటి, పందేలకు ఒకటి కనిపించాయి. పందేలదాని కింద "బండి నిలిపితే ఇంజన్ వణుకుతుంది, తక్కువ వేగంలో లాగదు" అని స్పష్టంగా రాసి ఉంది. ఆ వణుకును నేను సింహం గురక అనుకున్నాను.

సుచిత్ర సర్కిల్ దగ్గర షెడ్డు నడిపే మెకానిక్ యాదన్న నన్ను ఆపుతాడనుకున్నాను. ఆయన నాకంటే నాలుగాకులు ఎక్కువ చదివాడు.

"పందేలదే ఎయ్యాలె తమ్మీ," అన్నాడు. "క్లచ్ ప్లేట్లు మార్చి మార్చి పాణం ఇసిగింది. గసోంటిది ఒక్కటన్న బిగియ్యాలని నాకు మస్తు ఆశ."

"క్యాన్లు మోస్తదా అన్నా?"

"మోసుడేంది, ఎగురుతది."

బిగించాం. కాలనీలో కుక్కలన్నీ లేచి నిలబడ్డాయి. మెర్సీ మాత్రం గేటు దగ్గరకు రాలేదు. వాళ్ళమ్మ వచ్చి క్యాను తీసుకుంది. చప్పుడు చాల్లేదేమో అనుకొని ఆ తర్వాతి సారి ఇంకా గట్టిగా యాక్సిలరేటర్ తొక్కాను. మళ్ళీ వాళ్ళమ్మే, ఈసారి చెవుల్లో దూదితో. మెర్సీ లేని ఆ గేటు చూస్తే నాకు అన్నం సయించేది కాదు.

ఇంతలో మట్టల ఆదివారం వచ్చింది. మా దగ్గర ఆ రోజు పిల్లలు ఈత మట్టలు పట్టుకొని ముందు నడుస్తారు. మైకు సెట్టునూ, పాటలు పాడేవాళ్ళనూ ఎక్కించుకొని నా బండి వాళ్ళ వెనకాలే నడక వేగంతో రావాలి. నడక వేగం. మీకు అర్థమైపోయింది కదా, నాకు స్టీరింగ్ పట్టుకున్నాక గానీ కాలేదు.

కాలు తీస్తే ఇంజన్ ఆరిపోతుంది. నొక్కితే బండి దూకుతుంది. "హోసన్నా" అన్న మాట వణికి వణికి ముక్కలై బయటికొచ్చింది. ఓ దూకుడుకు పాడేవాళ్ళంతా బియ్యం బస్తాల్లా ఒకరి మీద ఒకరు పడ్డారు. పాస్టరయ్య కిటికీ దగ్గరకొచ్చాడు.

"ఏంది డేవిడూ గిది?"

"కొత్త కామ్‌షాఫ్ట్ అయ్యగారూ."

"ప్రభువు గాడిద మీద వచ్చిండు బిడ్డా. అది గూడ గింత ఎగరలే."

అందరినీ దింపి, ఇంజన్ ఆపించి, తోయమన్నాడు. సంఘమంతా పాడుకుంటూ తోసింది. నేను కిటికీలోంచి స్టీరింగ్ పట్టుకొని నడుస్తున్నాను. నా వెనకే బండికి చెయ్యి ఆనించి మెర్సీ.

"నీ పాత బండి ఏమైంది?" అంది.

"ఇదే. ఇంజన్ల సామాన్ మార్చిన. నువ్వు బయటికొస్తవని."

ఆమె బండిని ఇంకో నెట్టు నెట్టింది. "పాత సప్పుడు మూల మలుపు కాడ్నే గుర్తుపడుతుంటి. గీ సప్పుడు ఇని, క్యాన్లకు ఎవరో వేరేటోళ్ళు వస్తున్నరనుకొని అమ్మను పంపిన. అవసరం లేని దినం గూడ క్యాన్ల నీళ్ళు చెట్లకు వోసి, ఖాళీది పట్టుకొని నిలవడుతుంటి, తెలుసా?"

ఏడాది కోరుకున్న మాట దొరికింది. బదులుగా నేనేమన్నానో తెలుసా? "పాతదే మళ్ళ ఏపిస్త."

వేయించడానికి రెండు వారాలు పట్టి ఈస్టర్ కాస్తా దాటిపోయింది, కొత్తదాన్ని విప్పడానికి యాదన్నకు చేతులు రాక. ఈలోగా నడిచి వెళ్ళొచ్చు కదా అంటారా? పాత చప్పుడుతోనే వెళ్ళాలని పట్టుబట్టి కూర్చున్నాను. వెళ్ళాను చివరికి. మలుపు దగ్గర నెమ్మది చేశాను కూడా. గేటు తెరుచుకుంది. కొత్తగా అద్దెకు దిగిన భీమవరం పెద్దాయన బయటికొచ్చి, "వాటర్ క్యాన్లాండీ? రెండు దింపండి," అన్నారు. దింపాను. ఆ ఇంటి పూలచెట్లు అప్పటికే వాడిపోతున్నాయి.

కాబట్టి సమస్త జనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నా కోసం ఎవరైనా ఎదురుచూస్తే, ముందు ఇంజన్ ఆపుతాను, బండి దిగుతాను, నోరు విప్పుతాను. దీన్ని తప్పే అవకాశం కూడా నాకు లేదు లెండి. ఇప్పుడు నడిపేది కరెంటు బండి. అది వచ్చినట్టు ఎవరికీ వినపడదు.