మూడుసార్లు కారిన గేరుబాక్సు

ఆ రోజుల్లో బండి కారితే మనిషి దాని కిందికి దూరేవాడు. ఇప్పుడు గచ్చిబౌలిలో మా అపార్టుమెంటు సెల్లారులో చూస్తున్నాను కదా, కారులో ఎర్రదీపం వెలిగితే చాలు, ఫోను తీసి ఎవరికో ఫిర్యాదు చేసేసి, బైకు టాక్సీ ఎక్కి ఆఫీసుకు వెళ్లిపోతారు. వంగి కింద ఏముందో చూసే పాపాన పోరు. నాకు ఒళ్లు మండుతుంది. (మండినప్పుడల్లా మా ఆవిడ "గోలి ఏసుకున్నరా?" అని అడుగుతుంది. ఆమెకు నా ఆవేశమంతా రక్తపోటే.) అయితే అలా కిందికి దూరి నేను కనిపెట్టిన ఒక సంగతి తలచుకుంటే మాత్రం ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అప్పుడు మదీనాగూడలో బొంబాయి రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో పనిచేసేవాణ్ణి. నేను బడికి వెళ్లింది తక్కువ. బజ్జీల పొట్లాల కాగితాలు విప్పి చదువుకుని పైకొచ్చినవాణ్ణి కాబట్టి, నాకు తెలియనిది లోకంలో లేదన్న ధీమా ఉండేది. మా షెడ్డు యజమానిని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన మొదటిసారి నన్ను నమ్మి, ఒక పికప్ బండి క్లచ్చు ప్లేటు మార్చే పని పూర్తిగా నా ఒక్కడికే అప్పగించాడు. ఆ బండి జీడిమెట్ల ఫ్యాక్టరీలకు భోజనాలు పంపే మెస్సు పిన్నిగారిది. గోదావరి వైపు మనిషి, నోరు మంచిదే గానీ పదును. ఆ ప్లేటు అందడానికి దసరాకు ముందురోజు గేరుబాక్సు దించాను, పండుగ మరునాడు ఎక్కించి, కొత్త ఆయిలు పోసి, మీసం మెలేసి పంపించాను.

రెండోరోజుకే బండి తిరిగొచ్చింది. పిన్నిగారు ముందు సీటులోంచి దిగుతూనే, "ఏమండీ మేస్త్రీగారూ, మీ చేతిలో పడకముందు చుక్క కారేది కాదండీ. ఇప్పుడు జీడిమెట్ల దాకా చుక్కల ముగ్గు పెట్టుకుంటూ వెళ్తోంది. మేం దారి తప్పితే వెనక్కి రావడానికి పనికొస్తుందనుకున్నారా?" అన్నారు.

కింద అట్ట పరిచాను. పడిన చుక్కను వేళ్ల మధ్య రుద్ది వాసన చూశాను. ఇంజను ఆయిలైతే నల్లగా ఉంటుంది, బ్రేకు ఆయిలు నీళ్లలా జారుతుంది. ఇది చిక్కగా, కుళ్లిన గుడ్డు కంపు కొడుతోంది. అంటే గేరు ఆయిలే. వెనక షాఫ్టు దూరే చోట తడి కనబడింది. అక్కడ ఆయిలును ఆపే రబ్బరు సీలు పోయిందని తేల్చి, ఆ సీలు చేసినవాణ్ణి, అమ్మినవాణ్ణి కలిపి తిట్టి కొత్తది వేశాను. మళ్లీ కారింది. ఈసారి డ్రైవరును తిట్టి మరొకటి వేశాను.

ఉస్తాద్ బీడీ పారేసి, "ఏందిర గిది? సీలు మీద సీలు మారుస్తున్నవ్, ఆయిల్ ఆగుతలేదు. నడిరోడ్డు మీద గేర్లు పట్టేస్తే ఆమె బువ్వ ఎవడు మోస్తడు? ఇగ మూడోసారి కారిందనుకో, పానా ఈడ పెట్టి సీదా ఇంటికి పో!" అన్నాడు.

మూడోసారీ కారింది. అప్పుడే జీడిమెట్ల నుంచి వచ్చి సెగలు కక్కుతున్న బండి కింద పడుకుని, ఇక నా బతుకు ఇంతే అనుకుంటూ, మట్టం చూద్దామని ఆయిలు పోసే బిరడా వదులు చేశాను. బుస్సుమంది! పాము అనుకుని తల ఎత్తి ఛాసీకి కొట్టుకున్నాను. పాము కాదు, గాలి. లోపల గాలి బిగబట్టి ఉంది. వేడెక్కినప్పుడు ఆ గాలి బయటికి పోవడానికి గేరుబాక్సు నెత్తిన ఒక చిన్న బొడిపె, దానికో రంధ్రం ఉంటాయి. అది మూసుకుంటే గాలి ఆయిలును సీలులోంచి తోసేస్తుంది. చెయ్యి పైకి పోనిచ్చి తడిమాను. గోటికి ఏదో గట్టిగా తగిలింది. గీరి వెలుతురులో చూసుకున్నాను.

పసుపు! పైన కుంకుమ కూడా.

దసరానాడు షెడ్డులో పానాలకు, జాకీలకు, నేల మీదున్న ఆ గేరుబాక్సుకు పూజ చేసింది నేనే. బొట్టు పెట్టడానికే చేసినట్టు నున్నగా కనబడిందని, ఆ బొడిపె మీద ముద్దలా మెత్తింది ఈ చేతులే! వేడికి అది సిమెంటులా బిగిసింది. సూదితో పొడిచి తీశాను. వెళ్లి ఉస్తాద్ ముందు పానా పెట్టి, జరిగింది చెప్పాను.

ఆయన నా చెయ్యి లాక్కుని గోటి వంక చూశాడు. ఈలోగా బండిలోనే వచ్చిన పిన్నిగారు గుండెల మీద చెయ్యి వేసుకుని, "అయ్యో అయ్యో, పూజ చేసిన బొట్టును సూదితో పొడిచేశారా! ఇవాళ శుక్రవారమండీ!" అని నిలువునా బెదిరిపోయారు. చివరికి ఆవిడ తృప్తి కోసం బంపరు మీద మళ్లీ బొట్టు పెట్టించారు. ఉస్తాదే పెట్టాడు, నన్ను దగ్గరికి రానివ్వలేదు. పెట్టి, చేతులు తుడుచుకుని, "నిజం చెప్పినవ్ కాబట్టి బతికినవ్. పానా తీస్కో," అన్నాడు.

ఆ బండి మరి కారలేదు. ఆ మూడు సీళ్లూ మంచివే పాపం. వాటిని చేసినవాడికి, అమ్మినవాడికి, ఆ డ్రైవరుకు నేను క్షమాపణ చెప్పుకున్నదీ లేదు. ఇప్పుడు మాత్రం ఎవరి మీదైనా నోరు చేసుకునే ముందు ఒకసారి నా గోళ్ల వంక చూసుకుంటాను. (రెండోసారి చూసుకోను. ఈ వయసులో అంత ఓపిక ఎక్కడిది?)