పక్క సీటు బ్రేకు

కారు నేర్పే స్కూలు కారుకు రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునే మనిషి కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చుని నేర్పే మనిషి కాలి కింద. నేర్చుకునేవాళ్లు కంగారులో ఏ గోడ మీదికో ఉరికితే కాపాడ్డానికి పెట్టిన ఏర్పాటది. ఏ నెలకో రెండు నెలలకో ఒకసారి తొక్కాల్సిన బ్రేకు. మన టీచరమ్మ దాన్ని వీధికి పదిసార్లు తొక్కేది.

ఒకప్పుడు ఆవిడ ఇలాంటి మనిషి కాదు. ఆడవాళ్లకు మాత్రమే నేర్పే ఆ స్కూల్లో ఆవిడ దగ్గరే నేర్చుకుంటామని జనం వంతుల కోసం కాచుకునేవాళ్లు. స్టీరింగు పట్టుకోగానే కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లను కూడా కబుర్లలో పెట్టి, వాళ్లకు తెలియకుండానే ఊరి చివరిదాకా తీసుకుపోయేది. "బండి నీకు భయపడాలిగానీ నువ్వు బండికి భయపడటమేమిటమ్మా" అనేది. చెప్పడానికేం, మన నెత్తిన పడేదాకా అన్నీ తేలికే.

ఒక సాయంత్రం నాలుగురోడ్ల కూడలిలో పచ్చదీపం చూసుకునే బయల్దేరారు. ఎర్రదీపాన్ని లెక్కచెయ్యని లారీ ఒకటి పక్కనుంచి వచ్చి ఆవిడ కూర్చున్న వైపే గుద్దింది. నడుపుతున్న అమ్మాయికి గీత కూడా పడలేదు. టీచరమ్మ కుడికాలు రెండుచోట్ల విరిగితే లోపల ఇనుపకడ్డీ వేసి కుట్టారు. కాలు అతుక్కుంది, నడక వచ్చింది, డాక్టరు భేషుగ్గా ఉందన్నాడు. కానీ ఆరోజు తాను ఆలస్యం చేశానన్న సంగతి ఆ కాలు మరిచిపోలేదు. ఇక జన్మలో ఆలస్యం చెయ్యనని ఒట్టు పెట్టుకున్నట్టు ప్రతిదానికీ ముందే తొక్కడం మొదలుపెట్టింది. సైకిలు కనిపిస్తే బ్రేకు, కుక్క తోకాడిస్తే బ్రేకు. పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే అంటారు. ఈవిడకు తాడు నీడ చూసినా భయమే.

ఇంట్లో మొగుడు మంచివాడే, కాకపోతే అదేపనిగా ఒకటే పాట. "ఇక చాలు, మానెయ్. ఇంట్లో కూర్చో" అనేవాడు. వాళ్లమ్మ ఊరుకునేది కాదు. "విరిగింది దాని కాలురా, నీ నోరు కాదు. నువ్వు కాసేపు దానికి రెస్టివ్వు" అనేది. అత్తగారంటే ఆవిడే. కీళ్లనొప్పులతో వీధి కిటికీ పక్కన కుర్చీలోనే ఉంటుంది, వీధిలో దూరిన ఈగ కూడా ఆవిడ కన్నుగప్పి పోలేదు.

ఆ ఇంట్లో ఎవరూ పైకి అనుకోని సంగతి ఒకటుంది. ఆ గుద్దుడు తర్వాత టీచరమ్మ స్టీరింగు ముట్టుకోలేదు. ఊరందరికీ కారు నేర్పే మనిషి తాను మాత్రం కారు నడపడం లేదు. రాత్రిళ్లు కారు ఆవిడ ఇంటి ముందే ఉంటుంది. పొద్దున్నే మొదటి పాఠం నేర్చుకునే ఆవిడ వచ్చి తీస్తుంది, సాయంత్రం చివరి పాఠం నేర్చుకునే ఆవిడ తెచ్చి ఇంటి ముందు ఆపి బస్సెక్కిపోతుంది. కాబట్టి స్కూలు నడిపే పెద్దాయనకు అనుమానమే రాలేదు. కానీ రోజూ సాయంత్రం గుమ్మం ఎక్కుతుండగా కిటికీలోంచి అత్తగారి గొంతు వినిపించేది.

"ఎవరు దింపారే ఇవాళ?"

ఈవిడ ఎవరో ఒకరి పేరు చెప్పేది. ఆ ప్రశ్నకు ఒళ్లు మండేది, ఆ వెంటనే సిగ్గు ముంచుకొచ్చేది. ఒక ఆదివారం పొద్దున వీధిలో ఎవరూ లేరు కదా అని తాళాలు తీసుకుని వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఇంజను మాత్రం తిప్పలేదు. అరచేతులు చెమటతో తడిసి ముద్దయ్యేదాకా కూర్చుని, కారులో గొడుగు మరిచిపోయానని ఇంట్లో చెప్పి లోపలికి వచ్చేసింది. గొడుగు మాత్రం తలుపు వెనకాలే వేలాడుతోంది. అత్తగారు దానికేసి ఒకసారి చూసి ఊరుకుంది.

ఇదిలా ఉండగా అసలు చిక్కు ఇంకోవైపునుంచి వచ్చింది. టీచరమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్లు లైసెన్సు పరీక్షలో వరసగా తప్పుతున్నారు. ఒకమ్మాయి ముందు వెళ్తున్న ఆటోకు అంగుళం దూరంలోకి పోయి ఆఫీసరుతో చీవాట్లు తిని వచ్చింది. "బ్రేకెందుకు వెయ్యలేదమ్మా" అని పెద్దాయన అడిగితే వెక్కుతూ చెప్పింది. "రోజూ దానంతటదే ఆగేదండీ. నేనే ఆపుతున్నాననుకున్నాను."

పెద్దాయన టీచరమ్మను గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు. కోప్పడితే బాగుండేది, జాలిపడ్డాడు. "ఈసారి పరీక్షకు వెళ్లేది మీ దగ్గర నేర్చుకునే బేకరీ ఆవిడేగా. ఆవిడ కూడా తప్పితే, మీరు ఫోన్ల దగ్గర కూర్చుందురుగాని. నీడపట్టున పని. మీ మంచికే చెప్తున్నానమ్మా" అన్నాడు.

టీచరమ్మ తలూపి బయటికి వచ్చింది. ఇంట్లో మొగుడు కూర్చోమంటున్నాడు, ఇక్కడ ఈయనా కూర్చోమంటున్నాడు. కారు దిగి ఫోన్ల దగ్గర కూర్చున్నాక ఇక మళ్లీ కారెక్కనని ఆవిడకు తెలుసు. ఆ సీటు పోతే తాను మిగలదు. ఆ వారమంతా అన్నం సయించక, నిద్ర పట్టక, కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది.

బేకరీ ఆవిడ సంగతి చెప్పలేదు కదూ. బొద్దుగా, పిండి అంటిన మోచేతులతో, పొయ్యిలోంచి అప్పుడే దిగినట్టుండే మనిషి. వాళ్లాయన చూపు మందగించి వ్యాను నడపలేకపోతున్నాడు. బ్రెడ్డు చేరాల్సిన కొట్లకు చేరడం లేదు. వ్యాను గోడకు ఆనుకుని దుమ్ము కొట్టుకుపోతుంటే, ఇక తానే నడుపుతానని వచ్చింది. నోట్లో నువ్వుగింజ నానదు, మనసులో కల్మషమూ లేదు.

పరీక్షకు ముందటి పాఠంలో ఒక గోడౌను వెనక ఖాళీ స్థలంలో కారు ఆపేసింది ఆవిడ.

"టీచరుగారూ, ఒక మాటడుగుతాను, ఏమీ అనుకోరుగా?"

"అడగండి."

"ఈ బండి నేను నడుపుతున్నానా, మీరు నడుపుతున్నారా?"

టీచరమ్మ తన కాలి కింది బ్రేకు వైపు చూసింది.

"నేను బ్రేకు మీద కాలు పెట్టేలోపే అది లోపలికి పోతోంది. మొదట్లో నా కాలే అంత చురుకనుకున్నాను. మురిసిపోయి మా ఆయనకు కూడా చెప్పుకున్నాను" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి నెమ్మదిగా అంది. "మీకు జరిగింది అందరూ చెప్పారు. భయం ఉంటుంది, ఉండదా మరి. కానీ మీ భయంతో నేను బండి ఆపితే, రేపు నా వ్యానులో నా పక్కన ఎవరుంటారు చెప్పండి? బ్రెడ్డేగా ఉంటుంది."

ఆ మాటకు టీచరమ్మకు ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా, దాచుకోలేదు. బేకరీ ఆవిడ కొంగు అందిస్తే ముక్కు తుడుచుకుని, చెప్పు విప్పి, కుడికాలు మడిచి సీటు మీద తన కిందే పెట్టుకుని కూర్చుంది. కడ్డీ వేసిన కాలది, మడిస్తే ప్రాణం పోతుంది. పోతే పోయిందనుకుంది.

"ఇప్పుడు నడపండి."

ఆ ఖాళీ స్థలమంతా బేకరీ ఆవిడ తిప్పింది, ఆపింది, మళ్లీ తిప్పింది. ఆపిన ప్రతిసారీ కుదుపు తగిలింది, ఎందుకంటే ఇప్పుడు ఆపుతున్నది నిజంగా ఆవిడే. టీచరమ్మ కింద కాలు తడిగుడ్డలో చుట్టిన చేపలా కొట్టుకుంటోంది. అయినా దాన్ని వదల్లేదు. అక్కడినుంచి బయల్దేరేసరికి కుదుపులు తగ్గాయి. పరీక్షలో కూడా ఇలాగే కాలు మడుచుకుని కూర్చుంటే గట్టెక్కినట్టే అనుకుంది.

అనుకున్నవన్నీ అయితే ఇంకేం.

పరీక్ష సాయంత్రం పూట. ఆఫీసరు వెనక సీట్లో ఎక్కాడు. పక్క సీట్లో టీచరు ఉండాలి, నోరు మెదపకూడదు. పక్క బ్రేకు తొక్కితే కారు లోపల ముందర ఎర్రదీపం వెలుగుతుంది. అది వెలిగితే పరీక్ష పోయినట్టే. టీచరమ్మ చెప్పు విప్పి కాలు మడవబోయింది.

"కాళ్లు కింద పెట్టి కూర్చోండమ్మా. ప్రమాదం వస్తే బ్రేకు అందాలి కదా, రూలది" అన్నాడు ఆఫీసరు.

టీచరమ్మ కాలు కింద పెట్టింది. ఆయనన్నది సబబే, అదే వచ్చిన తంటా. బ్రేకు బొటనవేలికి తగులుతోంది. ఈ కాలికి ఇప్పుడు కట్టూ లేదు, కాపలా లేదు.

మొదటి సందు బాగానే నడిచింది. బడి ముందు బేకరీ ఆవిడ మెల్లగా పోనిచ్చింది, బస్సు ఆగితే వెనకే ఆగింది. తర్వాత ఆఫీసరు "తిన్నగా పోనివ్వండి" అన్నాడు. తిన్నగా అంటే నాలుగురోడ్ల కూడలి. టీచరమ్మ చేతులతో సీటు అంచు పట్టుకుంది, గోళ్లు దిగాయి.

పచ్చదీపమే ఉంది. ఆరోజూ పచ్చదీపమే. పక్క రోడ్డులో లారీ ఒకటి వస్తోంది. ఆగుతుందో లేదో తెలియదు. ఆవిడ కాలు లేచింది. ఆవిడ లేపలేదు, అదే లేచింది. బ్రేకు మీదికి పోయి, ఇంకాస్త వంచితే తొక్కినట్టే అన్నంత దగ్గర ఆగింది. తొక్కితే బేకరీ ఆవిడ వ్యాను గోడకే ఉంటుంది, తాను ఫోన్ల దగ్గర ఉంటుంది. తొక్కకపోతే ఏమవుతుందో ఆ కడ్డీకి తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ చిటికెలో టీచరమ్మ లారీని చూడటం మానేసి బేకరీ ఆవిడ ముఖం చూసింది. ఆ కళ్లు అప్పటికే లారీ మీదున్నాయి. ఆవిడ చూసింది, ఈవిడకన్నా ముందే చూసింది. కారు దానంతటదే నెమ్మదించలేదు, నడుపుతున్న మనిషి నెమ్మదించింది. లారీ గీత దగ్గర ఆగింది. బేకరీ ఆవిడ అటోసారి ఇటోసారి చూసి కూడలి దాటించింది.

కారులో ఎర్రదీపం వెలగలేదు. టీచరమ్మ కాలు మెల్లగా కిందికి దిగింది.

ఆఫీసు దగ్గర దిగాక ఆఫీసరు సంతకం పెట్టి లైసెన్సు ఇస్తామన్నాడు, చేతికి తాత్కాలిక కాగితం ఇచ్చాడు. పొరుగూరినుంచి ఆ ఒక్కరోజుకు వచ్చిన బేకరీ ఆవిడ మరిది అక్కడికే వ్యాను తెచ్చి ఉంచాడు, వెనక నిండా బ్రెడ్డుతో. అంత నమ్మకం వాళ్లకు. ఆవిడ టీచరమ్మను గట్టిగా కావలించుకుని, మరిదిని పక్కకు జరిపి స్టీరింగు ముందెక్కింది.

"మిమ్మల్ని ఇంటిదగ్గర దింపలేను టీచరుగారూ, బ్రెడ్డు చల్లారిపోతుంది. మీ కారు మీ దగ్గరే ఉందిగా" అని వెళ్లిపోయింది.

ఆవిడకేం తెలుసు పాపం.

టీచరమ్మ కారు పక్కన నిలబడిపోయింది. పెద్దాయనకు ఫోను చేస్తే ఎవరినైనా పంపుతాడు, కానీ ఎందుకని అడుగుతాడు. మొగుడికి చేస్తే వస్తాడు, రాగానే మానెయ్యమంటాడు. ఫోను చేతిలోకి తీసుకుంది, మళ్లీ సంచిలో వేసింది. మళ్లీ తీసింది. చివరికి డ్రైవరు వైపు తలుపు తెరిచి కూర్చుంది. పక్క సీటు ఖాళీ. ఆ బ్రేకు దగ్గర ఎవరూ లేరు. బ్రెడ్డు కూడా లేదు. ఆ మాట గుర్తొచ్చి, అంత భయంలోనూ నవ్వొచ్చింది. ఇంజను తిప్పింది.

కారు మెల్లగా రోడ్డెక్కింది. వెనకవాళ్లు హారను కొట్టారు, కొట్టనిచ్చింది. ఒక స్కూటరువాడు "నేర్చుకునేవాళ్లు రోడ్డెక్కకూడదమ్మా" అని దాటిపోయాడు, పోనిచ్చింది. కూడలికి వచ్చేసరికి ఎర్రదీపం పడింది. కాలు బ్రేకు మీద ఉంది, ఈసారి ఉండాల్సిన చోటే ఉంది. పచ్చదీపం వచ్చింది. కళ్లు పక్క రోడ్డు మీదికి పోయాయి, అటునుంచి ఇటు తిరిగాయి. బ్రేకు మీంచి కాలు తీసింది. తీసిన కాలు మాట విన్నది.

ఇంటి ముందు ఆపి దిగేసరికి జాకెట్టు వీపుకు అంటుకుపోయి ఉంది. గుమ్మం మెట్టు ఎక్కుతుంటే కిటికీలోంచి గొంతు వచ్చింది.

"ఎవరు దింపారే ఇవాళ?"

"ఎవరూ దింపలేదత్తయ్యా. నేనే వచ్చాను."

కుర్చీ కిర్రుమంది, కీళ్లనొప్పుల మనిషి లేచి గోడ పట్టుకుంటూ వచ్చి తలుపు తనే తీసింది. కోడలి ముఖం చూసి, వెనకాల కారునూ, ఖాళీగా ఉన్న వీధినీ చూసింది.

"అమ్మయ్య. రేపటినుంచి ఆ మాట అడగక్కర్లేదు నాకు" అంది.