మేస్త్రి చెప్పిన లెక్కల పాఠం

తాపీమేస్త్రికి తెలియని విషయమంటూ ఈ భూప్రపంచంలో లేదు. ఆ సంగతి అడిగితే చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు. కూతురు ఏ ప్రశ్న వేసినా, తెలిసినా తెలియకపోయినా ఒక జవాబు గోడకు సున్నం కొట్టినట్టు కొట్టి పారేస్తాడు.

అంతటివాడికీ ఒక దిగులుంది. నాలుగో తరగతి చదివే ఆ పిల్ల ఇంట్లో వసపిట్ట. బడిలో మాత్రం ఏడాదిగా నోరు విప్పలేదు. టీచరమ్మ ఏమడిగినా తల దించుకుంటుందట. ఇలాగైతే పిల్ల ఏమైపోతుందోనని మేస్త్రికి అన్నం సయించడం లేదు.

ఆ బడి ఎవరో వచ్చి పెట్టింది కాదు. వీధి వీధంతా కలిసి పాత గోదామును బాగుచేసి పెట్టుకున్నది. బల్లలు వడ్రంగి చేశాడు, గోడలు మన మేస్త్రే కట్టాడు, పెత్తనం దర్జీ అక్క చూస్తుంది. అందరి బడీ కాబట్టి వంకలు పెట్టేవాళ్లూ అందరూనే. ఆ పోరు పడలేక దర్జీ అక్క ఒక నియమం పెట్టింది. పాఠానికి వంక పెట్టినవాళ్లు మర్నాడు ఆ పాఠం తామే చెప్పాలి. ఆ దెబ్బకు సగం నోళ్లు మూతపడ్డాయి.

మేస్త్రి నోరు అలాంటిదా! బడి మీటింగులో లేచి, టీచరమ్మకు చెప్పడం చేతకాకే తన పిల్ల మూగనోము పట్టిందని దులిపేశాడు.

"సరే తమ్ముడూ, రేపు లెక్కల క్లాసు నీదే," అంది దర్జీ అక్క.

మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మీసం దువ్వుకుని వచ్చాడు. టీచరమ్మ వెనక బల్ల మీద కూర్చుంది. కూతురు రెండో వరసలో ఉంది. ముందు బల్ల పిల్ల ఒకతె లేచి, అరను పావుతో భాగిస్తే రెండు వచ్చిందండీ, భాగిస్తే తగ్గాలి గానీ ఎందుకు పెరిగిందని అడిగింది.

మేస్త్రి గొంతు సవరించుకుని, అదంతా సిమెంటును బట్టి ఉంటుందన్నాడు. పిల్లలు బుద్ధిగా సిమెంటు అని రాసుకున్నారు. ఆ పిల్ల ఊరుకోక, ఇందులో సిమెంటు ఎక్కడుందండీ అంది. ఆయన బోర్డు తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. కూతురు కళ్లార్పకుండా తననే చూస్తోంది. ఇంకో కోత నాలిక చివరిదాకా వచ్చింది గానీ, ఆ చూపు ముందు బయటికి రానని మొరాయించింది.

"నాకు తెలీదమ్మా," అన్నాడు.

బుద్ధెరిగాక ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఇంతలో రెండో వరసలో ఒక చెయ్యి లేచింది.

"నాకూ తెలీదు నాన్నా. మనింట్లో ఎవరూ తెలీదనరు కదా, అందుకే ఇక్కడ తెలీదని చెప్పలేక ఎప్పుడూ ఏదీ అడగలేదు."

మేస్త్రికి ఏడుపొచ్చినంత పనైంది. సుద్దముక్క టీచరమ్మ చేతిలో పెట్టేసి, వెళ్లి కూతురి పక్కన ఆ బుల్లి బల్ల మీద ఇరుక్కుని కూర్చున్నాడు. అడగమని మోచేత్తో పొడిచాడు. పిల్ల లేచి అడిగింది. టీచరమ్మ చెప్పింది. పిల్లకు అర్థమైంది. మేస్త్రి చెయ్యెత్తి, మళ్లీ చెప్పమన్నాడు.